పదును ఆరిపోకముందే

ఆ పుస్తకానికి ముందు అట్ట లేదు. పేరు లేదు, రాసినవారి పేరు లేదు, మొదటి పన్నెండు పేజీలు లేవు. హిందూపురంలో పాత కాగితాలు కొనే గుజరీ అంగడిలో తక్కెడ మీద ఉండగా పట్టుకున్నాను. అంగడివాడు దాన్ని చింపి పొట్లాలు కడతానన్నాడు. "ఇంగ్లీషు కాగితం గట్టిది పెద్దాయనా, నూనె కారదు" అని నాకే వివరించాడు. అదే ఊరి చింతపండు మండీలో నలభై ఏళ్లు మూటలు మోసినవాణ్ని నేను. నాలుగో తరగతిలో బడి మానేశాక ఇంగ్లీషు అక్షరాలు గోనెసంచుల మీద అద్దిన నల్ల ముద్రలు చూసి నేర్చుకున్నాను, మాటలు నిఘంటువు చూసి నేర్చుకున్నాను. పుస్తకాన్ని నూనె కారని గుణానికి మెచ్చుకునేవాడితో ఏం మాట్లాడతాం. గొడవపడి తెచ్చుకున్నాను.

నూట యాభై ఏళ్ల కిందటి అమెరికా కథ అది. చెట్టన్నది కనబడని బయలు. మొగుడు జ్వరంతో పోతే ఇద్దరు పిల్లలతో మిగిలిపోయిన ఒకావిడ. గడ్డివేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లలు పేర్చి కట్టుకున్న ఇల్లు. అయిదేళ్లు అక్కడే ఉండి, ఆ నేల సాగు చేసి చూపిస్తే భూమి ఆవిడది. మధ్యలో వదిలిపోతే కాదు. అక్కడి చట్టం అట్లా ఉండేదట.

నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేకొద్దీ నాకు కోపం ఎక్కువైంది. పుస్తకం మీద కాదు. నా చిన్నతనంలో కరువు వచ్చినప్పుడు మా అమ్మ పెనుకొండ కొండ కింద రోడ్డు పనికి కంకర కొట్టింది. చంకలో చెల్లెలు, తలమీద తట్ట. గంజి పోసేచోట తన వంతు గంజి నాకు పోసి, అడుగున మిగిలిన మెతుకులు తను నాకేది. అది నేను కళ్లారా చూశాను. అట్లాంటి తల్లులు ఈ సీమలో ఊరికి వందమంది. వాళ్ల మీద ఎవరైనా ఒక్క పేజీ రాశారేమోనని జీవితమంతా వెతికాను. కరువు గురించి రాసినవాళ్లు వానల లెక్కలు రాశారు, పశువుల లెక్కలు రాశారు. గంజి అడుగు నాకిన మనిషిని ఎవరూ రాయలేదు. సముద్రాలవతల ఆడది మాత్రం మూడువందల పేజీలు బతికింది.

ఆ కోపాన్ని ధర్మవరంలో మా మేనకోడలి మగ్గాల షెడ్డులో వెళ్లగక్కాను. వారానికి నాలుగు రోజులు పెనుకొండలో రైలెక్కి అక్కడికి పోయి, నేసిన పట్టుచీరలు మడిచి అట్టపెట్టెల్లో సర్దుతాను. షెడ్డులో ఒక మూల పడుగు అతికే ఆడవాళ్లు కూర్చుంటారు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్లు బూడిదలో అద్దుకుని, రెండు పోగుల్ని కలిపి ఒక్క మెలి. అట్లా వేల పోగులు. చేతులకు తప్ప చెవులకు పని లేదు. నా సణుగుడు విని మేనకోడలు అంది, "మామా, ఊరికే అమెరికాను తిట్టకుండా ఆ కథేందో సదువు. వీళ్లు ఫోన్లో సీరియల్ పెట్టుకోని పోగులు తప్పిస్తాండారు."

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట చదవడం మొదలుపెట్టాను. చదవడమంటే, ఇంగ్లీషు చూస్తూ తెలుగు చెప్పడం.

వాళ్లు కథను విన్నారనడం తప్పు. కథతో పోట్లాడారు. చెట్లు లేని దేశంలో పొయ్యిలోకి ఏం పెడతారని అడిగారు. పిడకలే అన్నాను. బయట ఎండిన పేడను ఆవిడ చేతికి గుడ్డ చుట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని ఏరుకొచ్చిందని రాసి ఉంది.

"ఎండిన పేడకే మొగం తిప్పితే, పచ్చిదైతే ఏం చేసుండునో ఆ మారాణి" అంది అవ్వ. అవ్వ అంటే అక్కడున్న అందరికంటే పెద్దావిడ, నంబులపూలకుంట పక్క గొర్రెలు మేపుకుంటూ పెరిగిన మనిషి. నాకంటే రెండేళ్లు చిన్నదే. "చూస్తా ఉండు, వారం తిరక్కుండానే ఉత్త చేత్తో ఏరతాది."

పది పేజీల తర్వాత నిజంగానే ఆవిడ ఉత్త చేత్తో ఏరింది. అదే చేత్తో పిండి కూడా పిసికింది. ఆ రోజు షెడ్డులో జరిగిన సంబరం ఇంతా అంతా కాదు. పుస్తకం రాసినవాళ్లకంటే తానే ముందు రాసినట్టు అవ్వ రెండు రోజులు తిరిగింది.

ఇంకో రోజు ఆమే ఒక ప్రశ్న వేసింది. "ఏమప్పా, అంత బయలు ఊరికే యాల పడుండాది? ఈయమ్మ కంటే ముందు అది ఎవురిది?"

నేను పేజీలు వెనక్కి తిప్పాను. దూరంగా పొగ, దుప్పట్లు కప్పుకుని గుర్రాల మీద పోతున్న జనం అని అరపేజీ ఉంది. వాళ్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతున్నారో, ఎవరు పొమ్మన్నారో లేదు. అదే చెప్పాను.

"రాయరులే. పోయినోళ్ల గురించి ఎవురు రాస్తారు" అని ఆమె బూడిదలో వేళ్లు అద్దుకుంది. ఇంత చదివిన నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు.

ఆ గుంపులో ఎప్పుడూ మాట్లాడని ఒకామె ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. తాడిమర్రి దాటాక ఒక పల్లె ఆమెది. మొగుడు కామెర్లతో పోయాడు. ఆమె పేరున సర్కారు పట్టా ఇచ్చిన మూడెకరాల ఎర్రనేల ఉంది. రెండేళ్లుగా వాన మొహం చాటేయడంతో, భూమి బీడు పెట్టి, కూతుర్ని హాస్టల్లో చేర్చి, ధర్మవరం వచ్చి పడుగు అతుకుతోంది. అయిదేళ్లు నేలను వదలకుండా ఉండాలన్న చట్టం సంగతి చదివిన రోజున ఆమె మొదటిసారి తలెత్తింది.

"మాదీ అంతే తాతా" అంది. "సర్కారు భూమి బీడు పెడితే వాపసు తీసుకుంటారంట. మా మరిది అర్జీ పెట్టినాడు. నేను ఊళ్లో లేను, సేద్యం లేదు, ఆ పట్టా తనకీమని."

నాకు ఒళ్లు మండింది. ఆ రాత్రే, కాదు, నిజం చెప్పాలంటే మూడు రోజులు కూర్చుని ఆమె తరఫున ఎదురు అర్జీ రాశాను. నా జీవితంలో అంత బాగా ఏదీ రాయలేదనుకున్నాను. నాలుగు పేజీలు. మొగుడు పోయిన స్త్రీ రెండేళ్ల క్రితం ఊరు విడిచి ఎట్లా రావలసి వచ్చిందో, ధర్మవరంలో అద్దెగదిలో ఎట్లా ఉంటోందో, పరాయివాళ్ల పట్టుపోగులు అతికి అతికి వేలికొసలు ఎట్లా నున్నబడిపోయాయో, బీడుపడిన భూమిని తలుచుకుని ఎట్లా కుములుతోందో. అమెరికా పుస్తకం నా తలలో తిరుగుతోంది. మన ఆడదాని కష్టాన్ని కూడా ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి కదా అనుకున్నాను. ఆమె సంతకం చేసింది. మండలాఫీసులో ఇచ్చి వచ్చాము.

రెండు వారాల తర్వాత పిలిస్తే వెళ్లాము. అక్కడి గుమస్తా మర్యాదస్తుడే. కుర్చీ చూపించి, నా నాలుగు పేజీలు బల్లమీద పరిచాడు.

"పెద్దాయనా, ఇది మీరు ఈయమ్మ తరఫున రాసినారా, ఆయమ్మ మరిది తరఫున రాసినారా?"

నాకు అర్థం కాలేదు.

"ఊళ్లో లేదని, రెండేండ్లుగా భూమి బీడని ఆయప్ప అన్నాడు. సాక్ష్యం లేకుండె. ఇప్పుడు ఈయమ్మ సంతకంతోనే సాక్ష్యం వచ్చినాది. ఇంత బాగా రాసినారు, నాకు కండ్లల్లో నీళ్లు వచ్చినాయి. ఏం లాభం?"

ఊళ్లో ఆమెకు ఇల్లుంది, ఓటుంది, రేషను కార్డుంది. వాన లేక ఆ పల్లెలో సగం భూములు బీడే. వాటిలో ఒక్క ముక్క కూడా నేను రాయలేదు. కష్టం రాస్తే చాలనుకున్నాను. చదివేవాడు ఏడిస్తే గెలిచినట్టేననుకున్నాను. హక్కు అడగాల్సిన కాగితంలో కన్నీళ్లు నింపింది నేనే.

ఆ గుమస్తానే ఒక దారి చెప్పాడు. ఇంకా ఎవరూ ఏదీ తేల్చలేదు. వానల తర్వాత భూమి మీదికి వచ్చి చూస్తారు. చూసిననాడు నేలలో ఆమె వేసిన పైరు ఉంటే కాగితాల గొడవ సగం తీరినట్టే. ఈ ఏడు కూడా బీడుంటే మాత్రం తన చేతుల్లో ఏమీ లేదన్నాడు.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేది.

"నువ్వు రాసింది అబద్ధం కాదు గదా తాతా" అంది. "ఇత్తనం యాడ దొరుకుతాదో చూడల్ల."

మేనకోడలు మాత్రం వదల్లేదు. "చదువుకున్నోళ్లను తిడతాంటివి గదా మామా, నీకంటే వాళ్లే మేలు. రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు" అంది. నేను చీరలు మడుస్తూ పోయాను.

ఆమె వెతికి కొన్న విత్తనపు శనక్కాయలు షెడ్డుకు వచ్చాయి. షెడ్డులో అన్నాలు తిన్నాక అందరూ ఆ మూటల చుట్టూ కూర్చుని పప్పు పగలకుండా చేత్తో ఒలిచేవాళ్లు. నేను చదివేవాణ్ని. సరిగ్గా అప్పుడే, పుస్తకంలో ఆవిడ నాగలి మేడి, అంటే దాని పిడి, పట్టే ఘట్టం వచ్చింది. పొరుగువాడు రాకపోతే తనే ఎద్దును కట్టి రోజంతా దున్నిందట.

ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి.

"ఆడది మేడి పట్టిందా? ఆ దేశంలో అడిగేటోళ్లు లేరా?" అంది ఒకామె.

"అడిగేటోళ్లుంటే వచ్చి దున్నుండరా" అంది అవ్వ.

మా వైపు శనక్కాయ విత్తే గొర్రుకు జడ్డిగం అని గిన్నెలాంటిది ఉంటుంది. అందులో గుప్పిటి సందుల్లోంచి గింజ వదులుతూ వెనక నడిచేది ఆడవాళ్లే. గొర్రు పట్టి ఎద్దుల్ని తోలేది మాత్రం మగవాళ్లే. ఆడది గొర్రు పడితే వాన పోతుందంటారు. ఎవరు పెట్టిన నియమమో తెలియదు, ఎవరికి లాభమో మాత్రం తెలుస్తూనే ఉంది. ఆ వాదన అట్లా సాగుతుండగా తాడిమర్రి పక్క పల్లె ఆమె నన్ను అడిగింది. "మేడి ఎట్ల పట్టుకున్నిందో రాసినారా తాతా? ఒంటి చేత్తోనా, రెండు చేతుల్తోనా? బరువు యాడ పెట్టింది?"

వెతికాను. రోజంతా దున్నింది, అరచేతులు బొబ్బలెక్కాయి, సూర్యుడు అస్తమించాడు. అంతే. బొబ్బలు రాసినవాళ్లకు పట్టు తెలియదు.

"తెలీకుంటే పోనీలే" అంది ఆమె. "పదేండ్లు మా ఆయప్ప ఎనకాల గింజ ఇడుస్తా నడిచినా. చెయ్యి యాడ పెట్టేదో నాకు తెలుసు."

వాన ఒక మంగళవారం సాయంత్రం పడింది. బుధవారం పొద్దున్నే ఆమె పల్లెకు పోయింది. ఆ ఊళ్లో విత్తే ట్రాక్టరున్నవాడు ఆమె మరిదికి జతగాడు. "దావలో ఉండా, వస్తాండా" అని మధ్యాహ్నం దాకా, "రేపు పొద్దున" అని సాయంత్రం దాకా చెప్పాడట. ఎర్రనేలలో పదును, అంటే గింజ మొలిచేటంత తడి, మూడు రోజులు నిలిస్తే గొప్ప. అది ఆరిపోతే మళ్లీ వాన ఎప్పుడో, అసలు ఉందో లేదో. గురువారం పొద్దున ఆమె షెడ్డుకు ఫోన్ చేసింది. ఏడవలేదు. "ట్రాక్టరు రాదు" అని మాత్రం అంది.

అవ్వ వేళ్లకున్న బూడిద కొంగుకు తుడుచుకుంది. ఆ పల్లె పక్క ఊరికి ఇల్లరికం వచ్చిన అవ్వ తమ్ముడికి ఇంకా ఒక జత ఎద్దులు ఉన్నాయి. వాడికి మోకాళ్లు పోయాయి, నడవలేడు. ఎద్దులు, గొర్రు ఇస్తాడు, తోలడానికి మనిషి లేడు.

"తోలేది ఆయమ్మ తోలతాది. గింజ మనం ఇడుస్తాం. పాండి" అంది అవ్వ.

మా మేనకోడలు మగ్గం వైపు చూసింది. సగం అతికిన పడుగు వేలాడుతోంది. "రెండు దినాలు ఆగితే చీర చెడిపోదులే" అని తనే ఆటో పిలిచింది. ఆ షెడ్డులో ఇన్నేళ్లలో పని ఆపి తలుపు వేయడం నేను చూసిన మొదటిసారి అదే.

మేం చేరేసరికి ఆమె గట్టు మీద కూర్చుని మట్టి పిడికిట పట్టి చూస్తోంది. ముద్ద నిలిచింది, వేలితో తాకితే పగిలింది. ఇంకా ఉంది పదును. అవ్వ తమ్ముడు గట్టు మీద చతికిలబడి కాడి కట్టే పద్ధతి నోటితో చెప్పాడు, ఆమె కట్టింది. చుట్టుపక్కల చేలల్లో విత్తుకుంటున్నవాళ్లు పని ఆపి చూశారు. వాళ్లలో ఒక నెరసిన మీసాలాయన పిలిచి మరీ అన్నాడు, "యాంది తల్లీ, గొర్రు పడతాండావా? ఉండే వాన గూడా పోతాది."

"రెండేండ్లు మీరే పడ్తిరి గదప్పా" అంది అవ్వ, జడ్డిగం పక్కన నిలబడి. "వాన యాడికి పోయిండె?"

గట్ల మీద నవ్వు పాకింది. ఆయనా నవ్వాడు, మీసాల్లో.

మొదటి సాలు పామును తలపించింది. ఎడమ ఎద్దు తన ఊరు గుర్తొచ్చినట్టు పక్కకు లాగింది. రెండో సాలు మొదటిదాన్ని దాటింది. ఆరో సాలు దాకా ఆమె ఎద్దుల్ని చూస్తూ తోలింది. ఏడో సాలు నుంచి వాటిని చూడడం మానేసి, గట్టు చివర ఒక రాయి మీద చూపు పెట్టింది. గొర్రు తిన్నగా నడిచింది. వెనక అవ్వ, పక్కన ఇంకో ఇద్దరు, పట్టుపోగులు అతికే వేళ్ల సందుల్లోంచి ఒక్కో గింజ. నాకిచ్చిన పని కాకులను తోలడం. నా చదువుకు తగిన పనే.

ఆ రోజుకు రెండెకరాలు అయింది. మర్నాడు ఎండ ఎక్కేలోగా మిగిలింది కూడా అయింది. ఆమె ధర్మవరం తిరిగి రాలేదు. ఇంటి తాళం తీసి, ఊడ్చుకుని, అక్కడే ఉండిపోయింది.

నెల లోపే ఆఫీసువాళ్లు చూడ్డానికి వచ్చారు. ఆమె రమ్మంటే నేనూ పోయాను. గింజ బాగా మొలిచింది. ఎర్రనేల మీద పచ్చగా నాలుగేసి రెక్కల ఆకులు విప్పుకుని సాళ్లు సాళ్లుగా ఉంది. మరిది ముందే వచ్చి నిలబడ్డాడు. చెడ్డవాడిలా ఏమీ లేడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న మామూలు మనిషి.

"కూలోళ్లను పెట్టి నాలుగు గింజలు చల్లించినాది సార్" అన్నాడు. "మా వదిన ఉండేది ధర్మవరంలో. అర్జీలో ఆమే రాసిచ్చినాది."

నా జేబులో ఇంకో రెండు పేజీలు ఉన్నాయి. ఈసారి ఇల్లు, ఓటు, కార్డు, అన్నీ రాశాను. చెయ్యి జేబులోకి పోయింది.

"నువ్వుండు తాతా" అంది ఆమె.

కొంగు దోపుకుని అధికారి ముందు నిలబడింది. "సార్, వాన లేనప్పుడు కూలికి పోయినా. ఈ ఊళ్లో అందురూ పోయినారు, మా మరిదీ బెంగుళూరు పోయి వచ్చినాడు. వాన వచ్చినాది, నేనూ వచ్చినా. గొర్రు నేనే పట్టినా. ఈన్నే ఉంటాండా." అంతే. నా నాలుగు పేజీల్లో లేనిది ఆ నాలుగు మాటల్లో ఉంది.

అధికారి పక్క చేనివాళ్లను అడిగాడు. ఆ మీసాలాయన గట్టు దిగి వచ్చాడు.

"ఆయమ్మే పట్టింది సార్. నేను చూసినా. కావాలంటే ఆ పక్క మొదటి సాళ్లు చూడండి. ఎద్దు యాడికి పోయిందో సాలు ఆడికే పోయింది. కూలికి వచ్చినోడు అట్ల ఇత్తితే ఊళ్లో బతకనిస్తామా?"

అధికారి పోయి చూశాడు. వంకర సాళ్లలో మొలిచిన పైరు వంకరగానే, ఏపుగా ఉంది. అతనికి నవ్వు ఆగలేదు. పట్టాదారు ఊళ్లోనే ఉండి స్వయంగా సాగు చేస్తున్నట్టు అక్కడే రాసి, మీసాలాయన చేత, అవ్వ తమ్ముడి చేత సంతకాలు పెట్టించాడు. పట్టా ఆమె పేరునే ఉంటుందని, పైకి అదే పంపుతానని చెప్పాడు. మరిది ఫోన్ వచ్చినట్టు పక్కకు పోయాడు.

మా మేనకోడలు అడగమన్న మాట నేను అడిగాను. ఇంకో పడుగు వచ్చింది, ఎప్పుడొస్తావని.

ఆమె అప్పటికే సాలులోకి వంగి గరిక పీకుతోంది. "కలుపు తీయల్ల, మల్ల కాయ పీకల్ల, ఒలవల్ల" అంది, తలెత్తకుండా. "అంతవరకూ వేరే ఎవురినన్నా చూసుకోమను తాతా. నువ్వు కూడా ఆ పక్క సాలు పట్టు, ఊరికే నిలబడితే ఎండ తగుల్తాది."

చెప్పులు గట్టు మీద విడిచి దిగాను. గరికకు, శనక్కాయ మొలకకు తేడా చూపించి, పీకడం ఆమే నేర్పింది.